కవరు తీయని కుర్చీ

నేను ఒక చక్రాల కుర్చీని. కథ మొదలుపెట్టే ముందు మా అన్న మీద ఒక ఫిర్యాదు చేసుకోనివ్వండి, లేకపోతే నా చక్రాలు కదలవు. ఇద్దరం ఒకే కర్మాగారంలో, ఒకే ఉదయం పుట్టాం. వాడికి నాలుగు మరలు ముందు బిగించారు కాబట్టి వాడు అన్న, నేను తమ్ముణ్ని. ఒకే లారీలో, ఒకే తాడుతో కట్టుకుని ఇంత దూరం వచ్చాం. దారి పొడుగునా "తమ్ముడూ, నువ్వెక్కడున్నా కబురు పెడతాను, నేనున్నాను గదా" అని తెగ అభయాలిచ్చాడు. ఒంగోలు రాగానే ఒక పెద్ద ఆసుపత్రివాళ్లు వాణ్ని దించుకున్నారు. అద్దాల తలుపులు వాటంతట అవే తెరుచుకున్నాయి, చల్లటి గాలి తగిలింది, అంతే. వెనక్కి తిరిగి చూస్తే ఒట్టు. ఉద్యోగం దొరికిన అన్నలందరూ ఇంతేనని లారీ మీది టార్పాలిన్ నన్ను ఓదార్చింది.

ఈ దేశంలో కుర్చీ కోసం కొట్టుకోని మనిషి లేడని ఆ లారీ డ్రైవరు క్లీనరుతో అంటుంటే విని నేను చాలా ఆశపడ్డాను. ఏ కుర్చీ అని అప్పుడే అడగవలసింది.

నా రూపురేఖల గురించి నేనే చెప్పుకోకూడదు గానీ, నల్లటి రెగ్జిన్ సీటు, మెరిసే ఇనుప గొట్టాలు, వెనక రెండు పెద్ద చక్రాలు, ముందు రెండు బుల్లి చక్రాలు, కాళ్లు పెట్టుకోవడానికి మడిచే పలకలు. అన్నీ బిగించాక ఒక మనిషి నా ఒళ్లంతా పల్చటి ప్లాస్టిక్ కవరు చుట్టి, టేపు అంటించాడు. దారిలో దుమ్ము పడకుండా వేసిన కవరది, చేరాక చించి పారేయడానికి వేసింది. ఆ సంగతి అతనికి తెలుసు, నాకు తెలుసు. నన్ను అందుకున్నవాళ్లకు మాత్రం ఎవరూ చెప్పినట్టు లేదు. ఈ కథంతా ఆ కవరు గురించే.

జిల్లా నుంచి మండలానికి వచ్చాను. అక్కడ షామియానా వేసి, మైకు పెట్టి, పూలదండలు తెప్పించి, దివ్యాంగ విద్యార్థులకు ఉపకరణాల పంపిణీ అని పెద్ద బ్యానరు కట్టారు. బ్యానరు మీద పెద్దవాళ్ల ఫొటోలు పోగా మిగిలిన జాగాలో విద్యార్థులు అన్న మాట ఇరుక్కుని కూర్చుంది. అక్కడే నేను వెంగమాంబను మొదటిసారి చూశాను. పెదరావులపల్లె హైస్కూల్లో ఆరో తరగతి, అందరూ వెంగి అంటారు. పుట్టుకతోనే కాళ్లలో బలం లేదు. ఆ బలమంతా దేవుడు నోటికి ఇచ్చాడని వాళ్లమ్మ కొండమ్మ అంటుంది.

కొండమ్మ బిడ్డను చంకనేసుకుని వచ్చి నాలో కూర్చోబెట్టింది. కవరు కిర్రుమంది. వెంగి రెండు చేతులూ నా చక్రాల మీద వేసి, అర అంగుళం ముందుకు, అర అంగుళం వెనక్కి కదిపి చూసింది. అమ్మ చంక దిగి తనంతట తాను కదలడం ఆ పిల్లకు అదే మొదలనుకుంటాను. నాకైతే అదే మొదలు. ఫొటో తీశారు. చప్పట్లు కొట్టారు. తరువాతి పేరు పిలిచారు.

"సంతకం చేసి తీసుకెళ్లమంటారా సార్?" అంది కొండమ్మ.

"నీకు కాదమ్మా ఇచ్చింది, బడికి," అన్నారు హెడ్మాస్టరు మాలకొండయ్య గారు. "పిల్ల పేరు మీద వచ్చింది, బడి ఆస్తిగా ఉంటుంది. నువ్వు పిల్లను ఎత్తుకో, నేను కుర్చీని ఎత్తిస్తా."

అలా ఆ పిల్ల అమ్మ చంకలోనూ, నేను ఆటో ట్రాలీలోనూ ఒకే ఊరికి వేరువేరుగా బయలుదేరాం.

మాలకొండయ్య గారి స్టోర్ రూం గురించి చెప్పాలి. మన ఇళ్లలో అటక ఉంటుంది గదా, దాని మీద కొత్త స్టీలు గిన్నెలు, పెళ్లిలో వచ్చిన పింగాణీ ప్లేట్లు, ఎవరో వచ్చినప్పుడు పరవాలని దాచిన దుప్పటి ఉంటాయి గదా, అలాంటిదే. ఆ ఎవరో ఎన్నటికీ రారు. ఒకవేళ వచ్చినా అటక ఎక్కే ఓపిక ఆ రోజు ఉండదు, సొట్ట గిన్నెలోనే ఉప్మా చేసి పెడతాం. ఆ గదిలో నాకంటే ముందే చేరినవాళ్లు చాలామంది ఉన్నారు. గుడ్డ చుట్టిన మైక్రోస్కోపు, దాంట్లోకి ఇంతవరకు ఏ కన్నూ చూడలేదు. గాలి కొట్టని వాలీబాలు. ఇంకా అట్టపెట్టె విప్పని టీవీ. కట్లు విప్పని కథల పుస్తకాలు, అందులోని రాజకుమారులు ఏళ్ల తరబడి గుర్రం మీద అలాగే ఉన్నారు. ఒక ఎముకల గూడు ఉంది, పాపం అది మాత్రం కవరు లేకుండా ఉంది, దానికి ఇంకేం పాడవుతుందని కాబోలు.

"కవరు తియ్యబాకండి," అన్నారు మాలకొండయ్య గారు అటెండరుతో, నన్ను మూల పెడుతూ. "చెక్కు చెదరకుండా ఉండాల."

ఆయన చెడ్డవాడు కాదు. లెక్కలు బాగా చెబుతాడు, సుద్దముక్కలు అయిపోతే సొంతానికి కొనుక్కొస్తాడు, రాని పిల్లల ఇళ్లకు వెళ్లి అరుగు మీద కూర్చుని బతిమాలతాడు. అయితే ఆయనకు ఒక గ్లోబు భయం ఉంది. వెనక పనిచేసిన బడిలో ఒక సహోద్యోగి పదవీ విరమణ చేస్తుంటే, లెక్కల్లో ఉన్న గ్లోబు బడిలో లేదని తేలింది. పిల్లలు ఆడి ఆడి పగలగొట్టారు. దానికి బదులు మరో గ్లోబు దొరికేదాకా ఆ సహోద్యోగి పింఛను కదల్లేదట. మనిషి భూగోళం కోసం భూగోళమంతా తిరిగాడని స్టాఫ్ రూంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ రోజు నుంచి మాలకొండయ్య గారికి ఏ వస్తువును చూసినా అది పగిలిన తరువాతి రూపమే కనిపిస్తుంది. వాడితే పాడవుతుంది, పాడైతే అడుగుతారు, వాడలేదేమని ఇంతవరకు ఎవరూ అడగలేదు. లెక్కల మాస్టారు గదా, లెక్క సరిపోయింది.

ఇక బడి పరిపాలన. బడికి తల్లిదండ్రుల కమిటీ ఒకటి ఉంది. దానికి అధ్యక్షురాలు సీతారావమ్మ గారు. కానీ సమావేశాల్లో ఆమె కుర్చీలో కూర్చునేది ఆమె భర్త హజరత్తయ్య. ఊరంతా ఆయన్నే చైర్మన్ గారూ అంటుంది. ఆమె ఇంటి దగ్గర పొయ్యి ముందు కూర్చుని తీర్మానాల మీద సంతకాలు చేసి పంపిస్తుంది. పసుపు వేలిముద్రలు పడని తీర్మానం ఆ బడిలో చెల్లదని నా అనుమానం.

సమావేశాలు హెడ్మాస్టరు గదిలో జరుగుతాయి. దానికీ నా స్టోర్ రూంకీ మధ్య సగం గోడే కాబట్టి అన్నీ నాకు వినిపించేవి, మిరపకాయ బజ్జీల వాసనతో సహా. ఒకసారి నిధులొచ్చాయి. గేటుకు రంగులేయాలని కొందరు, గేటు మీద ఆర్చి కట్టి దాతల పేర్లు రాయాలని కొందరు. దాతలెవరని అడిగితే ముందు ఆర్చి కడితే వాళ్లే వస్తారన్నాడు హజరత్తయ్య. అప్పుడు మాలకొండయ్య గారు గొంతు సవరించుకుని, "ర్యాంపు ఉందా లేదా అని పైనుంచి అడుగుతున్నారయ్యా. లేదు అని రాసి రాసి చెయ్యి నొప్పెడతంది," అన్నారు. సరే, ఉంది అని రాయడానికి ఒక ర్యాంపు కట్టారు. బడి వరండా చాలా ఎత్తు. ఆ ఎత్తుకు ర్యాంపు కట్టాలంటే ఏటవాలుగా ఎంతో దూరం రావాలి. దూరం వస్తే సిమెంటు పడుతుంది, సిమెంటు పడితే గేటుకు రంగు మిగలదు. కాబట్టి అటక నిచ్చెన కంటే కాస్త తక్కువ ఏటవాలుతో, హెడ్మాస్టరు గది ముందు, చూడవచ్చినవాళ్లకు కళ్లబడేలా ముగించారు. దాన్ని రోజూ ఎక్కి దిగింది ఒక్కటే, మాలకొండయ్య గారి స్కూటరు. ఎండకు సీటు కాలకుండా వరండాలో నిలపడానికి బాగా పనికొచ్చింది.

ఆ సమావేశంలోనే కొండమ్మ లేచింది. పిల్లల తల్లిగా ఆమె కూడా సభ్యురాలే. పొగాకు ఆకును రకాలుగా విడదీసే గ్రేడింగు కూలికి వెళ్తుంది, చేతుల నుంచి ఆ ఘాటు వాసన పోదు.

"సార్, ఆ బండి ఇంటికియ్యకపోయినా పర్లా. పొద్దున గదిలోంచి తీయండి, సాయంత్రం లోపల పెట్టుకోండి. పిల్ల దొడ్డికి పోవాలంటే నేను పని కాడ నించి ఉరికి రావాల. మేస్త్రి రోజూ తిడతన్నాడు. నన్ను రప్పించడం ఇష్టం లేక అది పొద్దున నించి సాయంత్రం దాకా గుక్కెడు నీళ్లు తాగదు. ఎండాకాలం కూడా తాగదు సార్."

గదిలో బజ్జీలు నమిలే చప్పుడు ఆగింది. మాలకొండయ్య గారు అద్దాలు తీసి తుడుచుకున్నారు. "నాకు తెలవదా కొండమ్మా. కానీ రోజూ తీస్తే అరిగిపోద్దమ్మా."

"అరగడానికి కాకపోతే చక్రాలు ఎందుకు సార్ పెట్టింది?"

ఎముకల గూడు నా వైపు చూసినట్టనిపించింది. హజరత్తయ్య మాత్రం చెయ్యెత్తి, "రాయండి సార్, ఈ విషయం కమిటీ పరిశీలనలో ఉంది," అన్నాడు. ఆ మాటకు అర్థం చెప్పమంటే చెబుతాను: ఊరగాయ జాడీకి గుడ్డ కట్టి, ఎక్కడ పెట్టామో మరిచిపోవడం. జిల్లా నుంచి మండలానికి, మండలం నుంచి బడికి, బడి నుంచి స్టోర్ రూంకి నేను వచ్చిన దారిలో ఇంక మిగిలింది ఒక్క అడుగు, తలుపు దగ్గర నుంచి పిల్ల దగ్గరికి. ఆ అడుగుకు ఏ పద్దులోనూ నిధులు లేవు.

నన్ను అసలు బయటికే తీయలేదంటే అబద్ధమవుతుంది. ఎన్నికలప్పుడు తీశారు. బడే పోలింగు కేంద్రం, నడవలేని ఓటర్లకు చక్రాల కుర్చీ ఉండాలని నియమం. కవరు మీదే ముసలమ్మల్ని కూర్చోబెట్టారు. ఒక అవ్వను తొయ్యడానికి రెండు పార్టీల మనుషులు నా చెరొక పిడి పట్టుకుని లాగుతుంటే ఆవిడ, "ఇద్దరూ తొయ్యండి నాయనా, ఓటు సంగతి నేను చూసుకుంటా," అంది. ఆ సాయంత్రం నా కవరును తడిగుడ్డతో తుడిచి మళ్లీ మూలన పెట్టారు.

తరువాత హజరత్తయ్య తల్లి స్నానాల గదిలో జారి పడింది. కొండమ్మ అడిగినప్పుడు పరిశీలనలో ఉన్న తలుపు, హజరత్తయ్య ఒక్క కేకతో తెరుచుకుంది. మాలకొండయ్య గారు వెంటబడి, "కవరు మాత్రం తియ్యబాకయ్యా," అని ఆటో మలుపు తిరిగేదాకా చెబుతూనే ఉన్నారు. ఆవిణ్ని తీసుకుని ఒంగోలులో ఆ పెద్ద ఆసుపత్రికే వెళ్లాం. అద్దాల తలుపులు తెరుచుకున్నాయి. లోపల వరండాలో మా అన్న ఉన్నాడు.

గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది. చేతులు పెట్టుకునే చోట రెగ్జిన్ తెల్లబడిపోయింది. ఒక టైరు మార్చారు, రెండోదానితో దానికి జత కుదరలేదు. ఒళ్లంతా ఫినాయిలు వాసన. కబురు పెట్టనందుకు చెడామడా తిట్టాలని ఇన్నాళ్లూ దాచుకున్న మాటలన్నీ నోటిదాకా వచ్చాయి. వాడు నన్ను కింది నుంచి పైదాకా చూసి, "ఇంకా ముసుగు తియ్యలేదేంట్రా?" అన్నాడు. అంతలో ఎవరో పేషెంటు వచ్చాడు, వాడు గిర్రున తిరిగి పనిలోకి వెళ్లిపోయాడు. తీరిక లేక కబురు పెట్టలేదని అప్పుడు తెలిసింది. బోలెడు తీరిక ఉన్న నేను, పెళ్లికూతురులా ముసుగేసుకుని, సిగ్గుతో కాదు, నామర్దాతో చచ్చిపోయాను. పైగా హజరత్తయ్య తల్లి ఆ కవరు మీద కుదురుగా కూర్చోలేక జారి జారి, కోడలు సీతారావమ్మ దారి పొడుగునా ఆవిడ నడుము పట్టుకునే ఉండాల్సి వచ్చింది. ఆ కోడలు నా కవరు వైపు ఒక చూపు చూసింది, అన్నంలో రాయి తగిలినప్పుడు బియ్యం కొన్నవాడి వైపు చూసే చూపు.

ఇవి కాక ఏటా డిసెంబరు మూడున దివ్యాంగుల దినోత్సవం. ఆ రోజు నన్ను తుడిచి వేదిక మీద పెడతారు, వెంగిని నాలో కూర్చోబెడతారు, ఫొటో తీస్తారు. ఆరులో తీశారు, ఏడులో తీశారు. ఫొటోగ్రాఫరు చెప్పకుండానే ఎన్ని పళ్లు కనిపించాలో ఆ పిల్లకు వచ్చేసింది. ఫొటో అయిపోగానే ఒకరు పిల్లను ఎత్తుతారు, ఒకరు నన్ను ఎత్తుతారు.

ఎనిమిదో తరగతికి వచ్చేసరికి వెంగి బరువెక్కింది, కొండమ్మ నడుము పట్టేసింది. ఆ ఏడు డిసెంబరు మూడున వేదిక మీద పెద్దవాళ్ల కోసం ఎదురుచూస్తూ తల్లీకూతుళ్లు మాట్లాడుకుంటుంటే నా చెవిన పడింది. కూతురు నాలో కూర్చునే మాట్లాడింది, తప్పు నాది కాదు.

"ఈ పరీక్షలు రాసెయ్యి. సంక్రాంతి నించి ఇంట్లోనే ఉందువు. నా నడుము ఇంక మొయ్యదే తల్లీ."

"నేనేం చేయను ఇంట్లో?"

"టీవీ చూడు. పొగాకు ఆకు విడదియ్యి. నేనేం సుఖపడతన్నానా?"

వెంగి నా చక్రం మీద చెయ్యి వేసింది. చక్రాన్ని అర అంగుళం ముందుకు, అర అంగుళం వెనక్కి కదిపింది, మొదటి రోజులాగే. తరువాత సంబంధం లేని మాట అడిగింది.

"అమ్మా, మామ తెచ్చిన పూల కంచం నాకు ఎప్పుడిచ్చావు?"

"ఏ కంచం? చుట్టాలొస్తే పెడదామని దాచిందా? నువ్వు చెయ్యి జారి కింద పడేస్తివి గదా. సొట్ట పోయిందని నీకే పడేశా."

"అదే," అంది వెంగి. "సొట్టపోయాకే నాకొచ్చింది."

కొండమ్మకు అర్థం కాలేదు. నాకు మాత్రం సగం అర్థమైంది.

పెద్దవాళ్లు వచ్చారు. కొత్తగా బదిలీ మీద వచ్చిన మండల విద్యాధికారి మేడం, మాలకొండయ్య గారు, హజరత్తయ్య. ఆ మేడం ఆడమనిషి కావడంతో శాలువా కప్పడానికి ఆడమనిషి ఉండాలని సీతారావమ్మ గారిని కూడా ఇంట్లోంచి పిలిపించారు. పదవి వచ్చాక ఆమె బడి గుమ్మం తొక్కడం అదే మొదటిసారి. శాలువా కప్పారు. మాలకొండయ్య గారు మైకులో నా గురించి చెబుతూ, "మా బడిలో ఏ వస్తువైనా వచ్చినప్పుడు ఎట్టా ఉందో ఇప్పుడూ అట్టాగే ఉంటుందని సగర్వంగా మనవి చేస్తున్నాను. ఈ కుర్చీనే చూడండి, కవరు కూడా తీయలేదు," అన్నారు. మేడం కవరు వైపు, పిల్ల వైపు చూసి ఏదో అనబోయారు. అంతలో ఫొటోగ్రాఫరు, "కదలబాకండి," అన్నాడు.

వెంగి కదిలింది. జామెట్రీ బాక్సులోని వృత్తలేఖిని ఎప్పుడు దాచిందో, తీసి చెయ్యి పెట్టుకునే చోట పొడిచి, కవరును పర్రుమని ముందు దాకా చీల్చింది. బట్టల దుకాణంలో గుడ్డ చింపినంత శుభ్రంగా. అంతటితో ఆగలేదు. కవరు పోతే ఇంకో కవరు వేస్తారని ఆ పిల్లకు తెలుసు. రెగ్జిన్‌లోకి కూడా ముల్లు దించింది, ఒక్క పోటు. చెవులు కుట్టించినప్పుడు ఏడవాలో, నోట్లో పెట్టిన బెల్లం ముక్క చప్పరించాలో తెలియని పసివాడిలా ఉండిపోయాను. ఇన్నేళ్ల తరువాత నా ఒంటికి గాలి తగిలింది.

"ఏం పని చేశావే!" మాలకొండయ్య గారి కేక మైకులోంచి ఊరంతా వినిపించింది.

"పాత చేశాను సార్," అంది వెంగి. "కొత్తది గదా అని తాళం వేశారు. ఇప్పుడు పాతదైపోయింది. ఇంక వాడుకోవచ్చు గదా?"

కొండమ్మ కూతురి నెత్తిన ఒకటి వేయబోయి, ఎక్కడ వేయాలో తెలియక తన నోటి మీదే వేసుకుంది. మాలకొండయ్య గారి మొహంలో గ్లోబు కనబడింది. హజరత్తయ్య లేచి, "ఇది ప్రభుత్వ ఆస్తి! దీనికి బాధ్యులెవరు? కమిటీ ఊరుకోదు!" అని అరిచాడు.

"కమిటీ అంటే ఎవరయ్యా?" అంది సీతారావమ్మ గారు, కొంగు సర్దుకుని.

"అంటే... నువ్వే గదా."

"నేనే గదా? అయితే కూర్చో. మీ అమ్మ దీని మీద జారతా ఉంటే దారి పొడుగునా పట్టుకుని నా చేతులు పడిపోయినాయి. అప్పుడే చింపుదామనుకున్నా, పరాయి సొమ్మని ఊరుకున్నా." తరువాత మాలకొండయ్య గారి వైపు తిరిగింది. "రాయండి సార్ తీర్మానం. కుర్చీ పాతబడింది. పాత సామాను ఎవరికి అవసరమైతే వాళ్లు వాడుకోవాల. సంతకం నేను ఇక్కడే చేస్తా, మళ్లీ ఇంటికి పంపే పన్లేదు."

"మేడం, రూలు ప్రకారం..." అంటూ మాలకొండయ్య గారు మేడం వైపు చూశారు, పడవలో మునిగేవాడు గట్టువైపు చూసినట్టు.

మేడం శాలువా మడతపెడుతూ, "రూలు ప్రకారం అధ్యక్షురాలి మాటే చెల్లుతుంది మాస్టారూ," అన్నారు. "వాడకంలో ఒక చిరుగు పడిందని రాసుకోండి, దానికి మిమ్మల్నెవరూ అడగరు. రేపటి నుంచి వాడకపోతే మాత్రం నేనే అడుగుతాను." ఆమె పెదవి కొస కదిలింది. నవ్వో కాదో నేను చెప్పలేను, మండల స్థాయి అధికారుల నవ్వులు నాకు పరిచయం లేదు.

మరునాటి నుంచి నా బతుకు మారిపోయింది. వరండాలో అటూ ఇటూ, తరగతి నుంచి తరగతికి, మైదానం దాటి మరుగుదొడ్డిదాకా. తొయ్యడానికి ఆడపిల్లలు వంతులేసుకుని, ఆ వంతుల దగ్గర జుట్లు పట్టుకుని కొట్టుకునేవారు. లారీ డ్రైవరు చెప్పిన మాట నిజమేనని అప్పుడు నమ్మాను. వెంగి మంచినీళ్ల సీసా నా సంచిలో పెట్టుకుని, ఎప్పుడు పడితే అప్పుడు గటగటా తాగేది. ఆ గుటకల చప్పుడు వింటుంటే నేను పుట్టింది దీనికేనని తెలిసింది. సంక్రాంతి వచ్చింది, వెళ్లింది. వెంగి ఇంట్లో కూర్చోలేదు. కొండమ్మ పొద్దున ఒకసారి తెచ్చి దించి, సాయంత్రం తీసుకెళ్లేది. మధ్యలో మేస్త్రికి తిట్టే అవకాశం లేక నోరు దురద పుట్టి ఉంటుంది.

మాలకొండయ్య గారు మాత్రం ముభావంగా ఉన్నారు. నేను ఆయన ముందు నుంచి వెళ్లిన ప్రతిసారీ నా చిరుగు వైపు చూసి నిట్టూర్చేవారు. తప్పు జరిగిందని ఒప్పుకుంటారేమోనని సీతారావమ్మ గారు రెండు సమావేశాలు చూసింది. అన్నట్టు, సమావేశాలకు ఇప్పుడు ఆమే వస్తోంది, బజ్జీలు హజరత్తయ్య మోసుకొస్తున్నాడు. మాలకొండయ్య గారు మాత్రం దేనికీ లొంగలేదు. "పైనుంచి చెప్పారు, చేశాం. అంతే," అనేవారు.

మైదానం నుంచి మళ్లీ వరండా ఎక్కడానికి దారి ఆ ర్యాంపు ఒక్కటే. ఆడపిల్లలు నలుగురు చేరి, హైలెస్సా అని అరుచుకుంటూ ఎక్కించేవారు. ఒకరోజు వాన పడింది. ఆ రోజు వంతు తొమ్మిదో తరగతి పిల్లలది, మమ్మల్ని ర్యాంపు దింపి తమ పరీక్షకు పరుగెత్తారు. వెంగి మరుగుదొడ్డి నుంచి తిరిగొచ్చి, ర్యాంపు కింద తడుస్తూ నిలబడిపోయింది. అంటే నేను నిలబడ్డాను, తను కూర్చుంది. మాలకొండయ్య గారు కిటికీలోంచి చూశారు. అటూ ఇటూ ఎవరూ లేరు. కుర్చీ తడిస్తే తుప్పు పడుతుందనుకున్నారో, పిల్ల తడిస్తే జ్వరం వస్తుందనుకున్నారో, గొడుగు కూడా లేకుండా వచ్చి నా పిడులు పట్టుకున్నారు.

మొదటి బారెడు దూరం బాగానే ఎక్కాం. ఆ ర్యాంపును ఆయన అన్నేళ్లుగా రోజూ ఎక్కుతున్నారు, కానీ స్కూటరు మీద. ఎత్తు ఇంజనుకు తెలుసు, ఆయన మోకాళ్లకు ఎవరూ చెప్పలేదు. సగం దూరానికి వచ్చేసరికి కాళ్లు జారడం మొదలుపెట్టాయి. ముందుకు తొయ్యలేరు, వెనక్కి వదల్లేరు. పైన ఎదురుగా, చినుకు పడని చోట, ఆయన స్కూటరు హాయిగా కూర్చుని మమ్మల్ని చూస్తోంది. రొప్పుతున్న ఊపిరి వెంగి మెడ మీద పడుతోంది. ఆయన ఆ స్కూటరు వైపు చూశారు, కాళ్ల కింది నిట్టనిలువు ఏటవాలు వైపు చూశారు, నా చిరుగులోంచి బయటికొచ్చిన పీచు వైపు చూశారు. నా పిడుల మీద ఆయన పట్టు మారింది. బరువు మోయడం వేరు, బరువు తెలియడం వేరు. మా అన్న అయితే ఈ తేడాను రోజూ చూస్తుంటాడు, నేను ఆ రోజే చూశాను.

ఆయన గొణుక్కున్నట్టు ఏదో అన్నారు.

"వినపళ్లా సార్," అంది వెంగి, తల తిప్పకుండానే.

మళ్లీ అన్నారు.

"వాన చప్పుడు సార్. కొంచెం గట్టిగా."

పక్క గదిలో పదో తరగతి పిల్లలు పద్యం వల్లించడం ఆపేశారు. కిటికీల నిండా తలకాయలు. మాలకొండయ్య గారు పాదాలు తన్నిపెట్టి, ఊపిరి బిగబట్టి, మైకు అక్కర్లేని ఆ లెక్కల మాస్టారి గొంతుతో ఊరందరికీ వినబడేలా అరిచారు:

"తప్పు నాదేనమ్మా! కవరు తియ్యకపోవడం తప్పు, తాళం వెయ్యడం తప్పు, ఈ ర్యాంపు కట్టించడం ఇంకా పెద్ద తప్పు! అన్నీ నావే!"